మసాలా చెప్పాలా, దాచుకోవాలా?

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. దసరాకు మా కాలనీలో బొగ్గుల మీద చికెన్ కాల్చే పోటీ పెడతారు. రెండేళ్లుగా నేనే గెలుస్తున్నా. ఇప్పుడు నా దోస్తు మసాలా చెప్పమని వెంటపడ్డాడు, వాడూ పోటీలో ఉంటాడు. చెప్తే కప్పు పోతుందని, చెప్పకపోతే దోస్తీ పోతుందని టెన్షన్. దీనికి పేటెంట్ తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు ఒక మాట తమ్ముడూ, ఉత్తరంలో మీ మసాలా మొత్తం కొలతలతో సహా రాసేశారు. ఇక్కడ తీసేశాను, లేకుంటే ఈపాటికి మిర్యాలగూడ అంతా అదే నూరుతుండేది.

పేటెంట్ రాదు. ఉన్న దినుసులను ఊరికే కలిపితే వచ్చేదాన్ని కొత్తగా కనిపెట్టినట్టు లెక్కలోకి తీసుకోకూడదని 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఇ)లోనే ఉంది. కాబట్టి ఇది మీకూ మీ దోస్తుకూ మధ్య తేలాల్సిందే.

నన్నడిగితే చెప్పేయండి. అమెరికాలో ఇలాంటి పోటీలకు నియమాలు పెట్టి నడిపే కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ అని 1985 నుంచి ఒకటుంది. అక్కడ ఏ డబ్బా ఎవరిదో జడ్జీలకు తెలియకుండా రూపు, రుచి, మెత్తదనం చూసి మార్కులేస్తారు. అక్కడ గెలిచినవాళ్లలో చాలామంది తమ మసాలా పొడిని సీసాల్లో పెట్టి అమ్ముతారు, క్లాసులు కూడా చెప్తారు, వాటిని కొనేదీ నేర్చుకునేదీ పోటీకి వచ్చేవాళ్లే. అయినా గెలిచేవాళ్లు గెలుస్తూనే ఉన్నారు. ఎందుకంటే మంట మీద కాకుండా బొగ్గులు బూడిద పట్టి ఎర్రగా కణకణలాడేదాకా ఆగడం, లెగ్ పీసు ఎముక దగ్గర పచ్చి లేకుండా, బ్రెస్టు ఎండిపోకుండా చూసుకోవడం, ఎప్పుడు తిప్పాలో చప్పుడు విని తెలుసుకోవడం, ఇవన్నీ కాగితం మీద రాసిచ్చినా వాడికి వెంటనే రావు.

చెప్పాలనిపించకపోతే "ఈ దసరా అయ్యాక చెప్తా" అని మొహం మీదే అనండి, నిజమైన దోస్తయితే నవ్వి ఊరుకుంటాడు. ఒక్క దినుసు మింగేసి మిగతావి చెప్పే తెలివి మాత్రం వద్దు, మన దగ్గర ఆవకాయ కాడ వదినా మరదళ్లు ఆడే ఆట అదే, ఎప్పటికైనా బయటపడుతుంది. చెప్తే పూర్తిగా చెప్పండి, ఇంకెవరికీ చెప్పొద్దని ముందే మాట తీసుకోండి.

పచ్చి బొప్పాయి గుజ్జు ఎంతసేపు పట్టించాలో కూడా చెప్పండి (ఇది అందరూ వాడేదే కాబట్టి రాస్తున్నా). రాత్రంతా ఉంచాడంటే ముక్క పిండిపిండి అవుతుంది, మీరు కావాలనే దాచారనుకుంటాడు.