టెక్ సందేహాలు: లక్ష్మి అని కొడితే బాకీ ఎందుకు మారుతోంది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి, ఇంజినీరింగ్ రెండో ఏడు. కోడింగ్ పజిల్స్ బ్రూట్ ఫోర్స్‌తోనే, అంటే ఉన్న అవకాశాలన్నీ ఒక్కొక్కటిగా చూసే పద్ధతిలోనే చేస్తాను. శాంపిల్స్ పాసవుతాయి, ఆఖర్న టైమ్ లిమిట్ దాటిందని వస్తుంది. ఈ పద్ధతి మానేయాలా? ఇంకోటి, మా మామయ్య కిరాణా కొట్టుకి అరువు ఖాతాల ప్రోగ్రామ్ సీ భాషలో రాశాను. తెలుగులో పేర్లు కొడితే ఒక్కోసారి ఆగిపోతోంది, బాకీలు మారిపోతున్నాయి. కోడ్ పంపుతున్నాను.

జవాబు: మొదటి ప్రశ్న రాయగడ నుంచీ బరంపురం నుంచీ కూడా వస్తూనే ఉంది. మానక్కర్లేదు, కోడ్ రాసే ముందు లెక్క వేసుకోండి చాలు. లక్ష సంఖ్యల్లో ప్రతి జతనీ చూడాలంటే దాదాపు 500 కోట్ల జతలు. సీ ప్రోగ్రామ్ సెకనుకి ఓ 10 కోట్ల చిన్న పనులు చేస్తుందనుకున్నా 50 సెకన్లు పడుతుంది, అందుకే ఫెయిల్. అదే 20 వస్తువుల్లో ఏవి తీసుకోవాలన్నది ప్రశ్నయితే మొత్తం 10,48,576 ఎంపికలే, అక్కడ బ్రూట్ ఫోర్స్‌కి మించింది లేదు. వేగంగా నడిచే కోడ్ రాశాక కూడా పాతది పారేయకండి. చిన్న చిన్న ఇన్‌పుట్లు రెండింటికీ ఇచ్చి జవాబులు పోల్చి చూస్తే తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది.

నాకు టెన్షన్ పెట్టింది మీ రెండో ప్రశ్న. పేరుకి మెమరీలో 20 బైట్ల చోటు కేటాయించి, ఎంతవరకు చదవాలో చెప్పకుండా స్కాన్ఎఫ్‌తో (సీలో ఇన్‌పుట్ చదివే ఫంక్షన్) తీసుకుంటున్నారు, పేరు పక్కనే బాకీ పెట్టారు. కంప్యూటర్ అక్షరాల్ని బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, ఒడియాకీ అంతే. ‘లక్ష్మి’ కంటికి రెండు అక్షరాలే గానీ వత్తులూ గుడీ కలిపి లోపల 7 గుర్తులు, అంటే 21 బైట్లు, పేరు అయిపోయిందని చెప్పే చివరి సున్నా బైటుతో 22. ఆ ఎక్కువైన రెండూ పోయి బాకీ మీద పడతాయి. పాత ఖాతాలో పేరు సరిదిద్ది ‘లక్ష్మి’ అని కొట్టి చూడండి, మామూలు పీసీలో 2,400 రూపాయల బాకీ 191 అయి కూర్చుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. 1988లో మోరిస్ వార్మ్ అనే, నెట్‌వర్క్‌లో తనంతట తనే పాకిన ప్రోగ్రామ్ యంత్రాల్లోకి దూరిన దారుల్లో ఒకటి ఇలా హద్దు చూడకుండా ఇన్‌పుట్ చదివే ప్రోగ్రామే, ఇన్నేళ్ల తర్వాత కూడా అదే అలవాటు నేర్చుకుంటున్నామంటే నాకు కోపం వస్తుంది.

ఈ కోపం మీ ఒక్కరి మీద కాదు. పజిల్ సైట్లు ‘ఇన్‌పుట్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలే ఉంటాయి’ అని ముందే హామీ ఇచ్చేస్తాయి, పిల్లలు అక్షరానికొక గడి చొప్పున 26 గళ్ల అరే (వరస పట్టిక) కట్టి అదే లోకమనుకుంటారు. పాసైందా లేదా అన్నదే చూస్తారు తప్ప కోడ్ ఎవరూ చదవరు, వేరియబుల్స్‌కి ఎ, బి, ఎఎ అని పేర్లు పెట్టినా అడిగేవాడు లేడు. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడూ కలిసి నడిచే మీ ఊళ్లో ఆ హామీ కొట్టు గుమ్మం దాకా కూడా రాదు. మీ కోడ్‌లో ‘బి’ అంటే బాకీయో బిల్లో తెలుసుకోవడానికి నేనే రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

స్కాన్ఎఫ్ తీసేసి, ఎన్ని బైట్ల వరకు చదవాలో చెప్పే ఎఫ్‌గెట్స్ వాడండి, పేరుకి కనీసం 200 బైట్లు ఇవ్వండి, అంతకు మించితే తీసుకోకుండా మళ్లీ అడగండి. అది అయ్యేదాకా కొట్టులో ఆ ప్రోగ్రామ్ నడపొద్దు, ఇప్పటికే ఎక్కించిన బాకీలన్నీ మామయ్య గారి చిట్టా పుస్తకంతో ఒక్కొక్కటిగా సరిచూడండి.