లాస్ వెగాస్ దగ్గర ఆర్వీలో 3 వారాలు: హుకప్ లేకుండా ఐదుగురికి ఎన్ని రోజులు గడుస్తుంది?

అద్దెకు తీసుకున్న 28 అడుగుల క్లాస్ సి ఆర్వీ (వ్యాన్ ముందు భాగం వెనక వంటిల్లు, పడకలు, టాయిలెట్‌తో ఇల్లులా కట్టిన బండి), ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిపి ఐదుగురు, ఏప్రిల్‌లో 3 వారాలు. లాస్ వెగాస్ దగ్గర హుకప్, అంటే బండికి తగిలించుకునే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు, లేని చోట ఎన్నాళ్లు ఉండొచ్చని అడిగారు. రెండు రోజులండి. బాగా పొదుపుగా వాడితే మూడు. కాబట్టి మకాం హుకప్ ఉన్న చోట పెట్టుకుని, ఎడారిలోకి రెండేసి రోజులు వెళ్లి రండి.

ఈ సైజు బండిలో మంచినీళ్ల ట్యాంకు సుమారు 40 గ్యాలన్లు, వంటింటి, స్నానాల నీళ్లు చేరే గ్రే ట్యాంకు 35, టాయిలెట్ కిందుండే బ్లాక్ ట్యాంకు 30 ఉంటుంది. మీ బండి కొలతలు ముందే కనుక్కోండి. స్నానం, అంట్లు, తాగడం అన్నీ కలిపి మనిషికి రోజుకు 4 గ్యాలన్లనుకున్నా 20 గ్యాలన్లు పోతాయి. షవర్ తిప్పి వదిలేస్తే నిమిషానికి 2 గ్యాలన్ల దాకా పోతుంది కాబట్టి ఒళ్లు తడుపుకోవడం, ఆపి సబ్బు రుద్దుకోవడం, మళ్లీ తిప్పడం అలవాటు చేసుకోవాలి. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు జిడ్డు గ్రే ట్యాంకులోకి పోతే ఎండకు రెండో రోజుకే కంపు కొడుతుంది. గిన్నెలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి ఆ తర్వాతే కడగండి. గ్రే నీళ్లయినా నేల మీద వదలకూడదు, ఆర్వీల మురుగు పారబోసే డంప్ స్టేషన్‌లోనే వదలాలి.

పెద్దవాళ్లు టాయిలెట్లో చెంబు వాడతారు, దాంతో బ్లాక్ ట్యాంకు త్వరగా నిండుతుంది. అయినా వద్దనకండి, లోపల నీళ్లు ఎక్కువుంటేనే మలం కరిగి సాఫీగా పోతుంది. ఫుల్ హుకప్ (మూడు కనెక్షన్లూ ఉన్న) సైట్లో చాలామంది బ్లాక్ ట్యాంకు మురుగు వదిలే వాల్వ్ తెరిచే ఉంచేస్తారు. అక్కడే పొరపాటు. నీళ్లు జారిపోయి, ఘనపదార్థం గుట్టగా పేరుకుని ఈ పొడి వేడికి గట్టిపడుతుంది, ఇక దాన్ని కదిలించడం మహా కష్టం. వాల్వ్ మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక ముందు బ్లాక్, ఆ వెంటనే గ్రే వదలండి. గ్రే నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి.

చోటు విషయం. వేలీ ఆఫ్ ఫైర్ స్టేట్ పార్కులోని అట్లాట్ల్ రాక్ క్యాంప్‌గ్రౌండ్‌లో కొన్ని సైట్లకు కరెంటు, నీళ్లు ఉన్నాయి, డంప్ స్టేషన్ కూడా ఉంది. ఎర్రరాళ్ల మధ్య నాలుగైదు రోజులకు దీన్ని మించిన చోటు లేదు. రెడ్ రాక్ కాన్యన్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు లేవు, షవర్లు లేవు. మిగతా రోజులకు లేక్ మీడ్ ఒడ్డున బౌల్డర్ బీచ్ వైపో, ఊళ్లోనో ఫుల్ హుకప్ పార్కు చూసుకోండి. బీఎల్ఎమ్ (కేంద్ర ప్రభుత్వ భూముల సంస్థ) భూముల్లో ఉచితంగా ఉండొచ్చు కానీ 28 రోజుల్లో 14 రోజులే. పైగా చాలా అద్దె ఒప్పందాలు మట్టి రోడ్లను ఒప్పుకోవు. ఎండిన చెరువు గర్భాలు చదునుగా ఉన్నాయని ఆశపడకండి, ఒక్క వాన పడితే బురదలో చక్రాలు దిగబడతాయి. ఎండు వాగుల్లో అసలే వద్దు, ఎక్కడో కొండ మీద కురిసిన వాన మీ దగ్గరికి వరదగా వస్తుంది.

కరెంటు లెక్క మనవాళ్ల వంటకు బాగా అవసరం. 30 ఆంప్స్ కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. రూఫ్ ఏసీ 14 ఆంప్స్ దాకా లాగుతుంది, ఇండక్షన్ స్టవ్ 1,800 వాట్ల మీద 15, బ్యాటరీ చార్జింగ్ మూడు నాలుగు. మూడూ కలిస్తే 30 దాటి బ్రేకర్ పడిపోతుంది. ఏసీ నడుస్తుంటే ఇండక్షన్‌ను 1,000 వాట్లకు తగ్గించండి, లేదా గ్యాస్ మీద వండండి. ప్లగ్ పెట్టే ముందు పార్కు బ్రేకర్ ఆపి, మధ్యలో వోల్టేజ్ చూపించే సర్జ్ ప్రొటెక్టర్ తగిలించండి. వేడి మధ్యాహ్నం అందరి ఏసీలూ నడిచేటప్పుడు వోల్టేజ్ 105 కంటే కిందికి పడిపోతే మీ ఏసీ కట్టేయండి, లేకపోతే కంప్రెసర్ వేడెక్కి పాడవుతుంది. పోపు పొగకు స్మోక్ అలారం మోగుతుంది. దాని మీద టేపు అంటించకండి, పోపు వేసే ముందే పైకప్పు ఫ్యాన్ తిప్పండి చాలు.

హుకప్ లేని రాత్రుల్లో జనరేటర్ ఉంది కదా అనుకుంటారు. ట్యాంకులో పెట్రోలు పావు వంతుకు దిగగానే అది ఆగిపోతుంది. మీరు తిరుగు ప్రయాణానికి చిక్కుపడకూడదనే అలా అమర్చారు. క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి వేళ దాన్ని నడపనివ్వరు. జనరేటర్ నడిపిన గంటల లెక్కన విడిగా అద్దె పడే బండ్లూ ఉన్నాయి.

వెగాస్ నీళ్లు ఎక్కువగా కొలరాడో నది నుంచి లేక్ మీడ్ మీదుగా వచ్చేవి, సున్నం బాగా ఎక్కువ. కందిపప్పు ఆ నీళ్లలో ఎంతకీ మెత్తబడదు. గంట ముందు నానబెట్టి, కొన్న తాగునీళ్లతో ఉడికించండి. కుళాయికి ముందు ప్రెషర్ రెగ్యులేటర్, దానికి ఫిల్టర్, ఆ తర్వాతే తాగునీటి పైపు బిగించండి. రెగ్యులేటర్ 45–50 పీఎస్ఐ (నీటి ఒత్తిడి కొలత) దగ్గర ఉంటే లోపలి జాయింట్లు ఊడవు.

ఏప్రిల్‌లో మిమ్మల్ని ఎండకంటే గాలి ఇబ్బంది పెడుతుంది. పొద్దున ప్రశాంతంగా ఉండి మధ్యాహ్నానికి ఉన్నట్టుండి లేస్తుంది. బయటికి వెళ్తున్నా, పడుకుంటున్నా ఆనింగ్ (బండి పక్కన నీడకు చాచే గుడ్డ పందిరి) చుట్టేయండి, పైకప్పు వెంట్ మూతలు దించండి. ఆనింగ్ చిరిగితే చాలా ఒప్పందాల్లో బీమా వర్తించదు, డిపాజిట్‌లోంచి కోసేస్తారు.

ఆర్వీని స్ట్రిప్ (వెగాస్‌లో పెద్ద క్యాసినోలున్న రోడ్డు) మీదికి తీసుకెళ్లకండి. క్యాసినో గరాజ్‌ల ఎత్తు 7 అడుగుల లోపే ఉంటుంది, మీ బండి 11 దాటుతుంది. బండి పార్కులోనే వదిలి, స్ట్రిప్ పొడవునా తిరిగే డ్యూస్ బస్సో, చిన్న అద్దె కారో చూసుకోండి. హూవర్ డ్యామ్ మీదికి ఆర్వీని తనిఖీ చేసి పంపిస్తారు. గరాజ్‌లోకి రానివ్వరు కాబట్టి డ్యామ్ దాటి అరిజోనా వైపు ఆరుబయట పార్కింగ్‌లో పెట్టాలి.