కళ్యాణదుర్గంలో నువ్వు, బెంగళూరులో అబ్బాయి: మేనకోడలికి రాస్తున్న మాటలు

అమ్మాయ్, బాగుండావా. మీ నాన్న ఫోన్ చేసి చెప్పినాడు, నువ్వు రొంత దిగులుగా ఉండావని, టీచరు ఉద్యోగం వదిలేసి బెంగళూరు పోదామా అని కూడా ఒక మాట అన్నావని. ఫోన్లో అయితే నేను ఒకటి చెప్పేలోపల నువ్వు ఏడుపు మొదలుపెడతావు, అందుకే కూర్చోని రాస్తాండా. టైమ్ ఉన్నప్పుడు నిదానంగా చదువుకో, బెంగళూరులో ఉండే మీ ఆయనకి, అదే మన అబ్బాయికి కూడా చూపించు, ఇందులో ఆయనకి తెలియకూడని మాట ఏమీ లేదు.

ముందు ఉద్యోగం సంగతి. రాజీనామా ఆలోచన ఈ ఏడాదికి పక్కన పెట్టేయ్. నువ్వు ఎన్ని ఏండ్లు రూములో కూర్చోని చదివినావో నాకు తెలుసు, టీచరు పోస్టులకి పెట్టే డీఎస్సీ పరీక్ష 2018 తర్వాత మళ్ళీ జరిగింది 2025లో, ఆ మధ్యలో ఎంతమంది పిల్లలు కోచింగులకు డబ్బులు పోసి వయసు మీద పడి వదిలేసుకున్నారో అనంతపురంలో ఏ వీధిలో అడిగినా చెప్తారు. 16,347 పోస్టుల్లో ఒకటి నీది. ఆదివారం సాయంత్రం అబ్బాయిని బస్సెక్కించి వచ్చి ఖాళీ ఇంట్లో కూర్చున్నప్పుడు ఏ నిర్ణయం చేయొద్దు, ఆ రోజు ఏదనిపించినా బుధవారం దాకా ఆగి చూడు, బుధవారం కూడా అదే అనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

అసలు విషయానికి వస్తా. అందరూ నీకు చెప్పేది ఏంటంటే బెంగగా ఉంటుంది, ఓర్చుకో అని. నేను చెప్పేది వేరే. బెంగ వల్ల ఏ సంసారమూ చెడిపోలేదు, బెంగ ఉందంటే మనిషి మీద మనసు ఉందని. భయపడాల్సింది బెంగ పోయిన రోజు. ఒక ఆరు నెలలు పోయినంక నీ వంట నీకు, ఆయన తిండి ఆయనకి, నీ జీతం లెక్క నీకు, ఆయన ఫ్రెండ్స్ ఆయనకి, ఎవరికి వాళ్ళు హాయిగా సర్దుకుంటారు చూడు, అక్కడ జాగ్రత్త. మీ మామ గుంతకల్లు డివిజన్లో గూడ్స్ గార్డుగా చేసినన్ని ఏండ్లు నేను ఉరవకొండ వైపు పల్లెల్లో టీచరుగా పని చేసినా, ఆయన ఇంట్లో కంటే రన్నింగ్ రూముల్లో, అదే రైల్వేవాళ్ళు డ్యూటీ మధ్యలో పడుకునే గదుల్లో, గడిపిన రాత్రులే ఎక్కువ. ఇప్పటి మాదిరి సెల్లు లేదు, ఇన్‌ల్యాండ్ లెటరు, లేదంటే ఎస్టీడీ బూతు, అది కూడా రాత్రి పొద్దుపోయినంక రేటు తగ్గుతుంది కాబట్టి అప్పుడు లైన్లో నిలబడాల. అయినా మేము ఒకటి పట్టుకున్నాం, ఇంటికి సంబంధించిన ఏ పని అయినా ఇద్దరికీ తెలిసి జరగాల, ఎంత లేటైనా సరే. ట్యాంకు కొనాలన్నా, పిల్లోన్ని ఏ స్కూల్లో వేయాలన్నా, మా అత్తకి కంటి ఆపరేషన్ యాడ చేయించాలన్నా జాబు రాసి, ఆయన జవాబు వచ్చేదాకా ఆగేదాన్ని. లేట్ అయ్యేది నిజమే. కానీ ఆయన రిటైరై ఇంటికి వచ్చినప్పుడు ఈ ఇల్లు ఆయనకి కొత్త కాలేదు.

నాతో పని చేసిన ఒక టీచరమ్మ ఉండేది, పేరు వద్దులే, వాళ్ళాయన కర్ణాటకలో ఉద్యోగం. ఇద్దరూ మంచోళ్ళే, ఒక్క రోజు గొడవ పడింది లేదు. ఆమె అన్నీ తనే చూసుకునేది, ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదని, ఆయన కూడా అట్లే, ఈమెను ఇబ్బంది పెట్టకూడదని అప్పు తీసుకున్నా చెప్పలేదు, స్థలం కొన్నా చెప్పలేదు. ఏండ్ల తర్వాత ట్రాన్స్‌ఫర్ అయి ఒకే ఇంట్లోకి వచ్చినారు, అంతే, స్టవ్ యాడ పెట్టాలనే దగ్గరి నుంచి కొట్లాట. ఇద్దరికీ ఎవరినీ అడిగే అలవాటు పోయింది. విడిగా ఉన్నన్ని రోజులు బాగున్నోళ్ళు కలిసి ఉండలేకపోయినారు. నాకు అది చూసి చాలా బాధ అయింది, ఎందుకంటే వాళ్ళు ఒకరి మంచి ఒకరు కోరే ఆ పని చేసినారు.

కాబట్టి అమ్మాయ్, ఇబ్బంది పెట్టు. ఇంటి ఓనరు అద్దె పెంచుతా అంటే అబ్బాయికి చెప్పు, ఫ్రిజ్ కొనేముందు రెండు ఫోటోలు పంపించి ఏది తీసుకుందామని అడుగు, స్టాఫ్ రూములో ఎవరైనా చీటీ వేయమంటే ఆయన్ని అడిగి చెప్తానను. నీకు తెలియక కాదు, నీకు అన్నీ తెలుసు, అయినా అడుగు. అట్లే ఆయన కూడా. బెంగళూరులో చొక్కా కొనుక్కునేదానికి పర్మిషన్ అడగాలని కాదు, లోను, ఇన్సూరెన్సు, వాళ్ళ తమ్ముడికి డబ్బు సర్దడం, కంపెనీ మారాలనుకోవడం, ఇట్లాంటివి అయిపోయినంక చెప్పడం కాదు, ముందే చెప్పాల. జ్వరం వస్తే ఆ రోజే చెప్పుకోండి. ‘నువ్వు కంగారుపడతావని చెప్పలేదు’ అనే మాట మీ ఇద్దరి మధ్య రానీయొద్దు, ఒకసారి దాచినారని తెలిస్తే తర్వాత ‘బాగుండా’ అన్నా నమ్మకం ఉండదు.

ఫోన్ గురించి. రోజూ రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ అని రూలు పెట్టుకున్నారంట, మీ అమ్మ చెప్పింది. రూలు వద్దు. ఆయన బెంగళూరులో ఆ హెబ్బాళ్ ట్రాఫిక్‌లో ఇరుక్కోని వచ్చి, నువ్వు కుందుర్పి బస్సు దిగి వచ్చి వంట చేసుకోని, ఇద్దరూ నిద్రమొహాలతో ‘తిన్నావా, తిన్నా, ఇంకేంటి’ అనుకుంటే అది హాజరు పట్టీలో సంతకం చేసినట్లే. దానికంటే చెనిక్కాయల చట్నీ నూరుకుంటా ఫోన్ స్పీకర్లో పెట్టి వదిలెయ్, ఆయన బట్టలు మడుచుకుంటా ఉంటాడు, మాటలు వచ్చినప్పుడు వస్తాయి లేనప్పుడు లేదు. పగలు క్లాసులో పిల్లోడు ఏదో అన్నాడంటే ఒక వాయిస్ మెసేజ్ పెట్టు. కోపం మాత్రం టైప్ చేయొద్దు, కోపం వస్తే ఫోన్ చేసి నోటితోనే తిట్టు, రాసిన తిట్టు పది సార్లు చదువుకుంటారు.

ప్రయాణాల గురించి కొంచెం గట్టిగానే చెప్తా. ఇప్పటికి ఎక్కువసార్లు నువ్వే పోయినావంట. స్త్రీశక్తి వచ్చినంక ఆడోళ్ళకి బస్సు ఫ్రీ కదా, నువ్వే పోతే ఖర్చు తక్కువ అని ఎవరో అన్నారంట. ఆ ఫ్రీ మన రాష్ట్రంలో తిరిగే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకి, బెంగళూరు పోయే అంతర్రాష్ట్ర బస్సుకి టికెట్ కొనాల్సిందే. అయినా ఇది టికెట్ లెక్క కాదు. వారమంతా నిలబడి పాఠం చెప్పి, శనివారం స్కూలు వదిలినంక పావగడ మీదుగా పోయి రాత్రికి చేరి, ఆదివారం సాయంత్రం మళ్ళీ తిరుగు బస్సంటే ఒళ్ళు ఏం కావాల. ఆయనకి శని ఆదివారాలు రెండూ సెలవు, కాబట్టి ఆయన రెండుసార్లు వస్తే నువ్వు ఒకసారి పో, అది న్యాయం. నీకు రెండో శనివారం సెలవు ఉన్నప్పుడు నీ వంతు పెట్టుకో. ఆయన బైకు మీద హైవేలో రాత్రిపూట వస్తానంటే ఒప్పుకోవద్దు, 44 నంబరు హైవే మీద రాత్రిళ్ళు లారీలు ఎట్లా పోతాయో మనకి తెలియనిదా. అనంతపురం దాకా రైల్లో వచ్చి అక్కడి నుంచి బస్సులో రమ్మను, లేదా నేరుగా పావగడ బస్సెక్కమను.

ఎప్పుడైనా ఒకసారి ఇల్లు కాకుండా మధ్యలో కలుసుకోండి. హిందూపురంలో దిగి లేపాక్షి పోండి, వీరభద్రుని గుడి పైకప్పు బొమ్మలు చూసుకుంటా ఒక పూట కూర్చోండి. లేదంటే పెనుకొండ కోట. ఇంట్లో కలిస్తే గ్యాస్, కరెంటు బిల్లు, ఉతకాల్సిన బట్టలు, వీటితోనే పొద్దు పోతుంది.

ఇంకొకటి, కలిసిన మొదటి సాయంత్రం చిన్న దానికే గొడవ అవుతుంది, అవుతుందా లేదా? అందరికీ అవుతుంది. ఆయన వచ్చి టవల్ మంచం మీద పడేస్తాడు, నీకు చిర్రెత్తుతుంది, ‘వచ్చీరాగానే మొదలుపెట్టినావా’ అంటాడు. విడిగా బతకడం నుంచి కలిసి బతకడానికి మనిషికి ఒక పూట పడుతుంది. ఆ పూట చుట్టాలను పిలవద్దు, లెక్కలు తీయొద్దు, వేడిగా సంగటి చేసి పెట్టు, లేదంటే ఆయన్నే ఉగ్గాని బజ్జీ కట్టించుకోని రమ్మను, తిని పడుకోండి. పంచాయితీలు ఏమన్నా ఉంటే మర్నాడు పొద్దున.

ఆయన పీజీలో, అదే హాస్టల్ మాదిరి అద్దె గదిలో ఉండాడు కదా, అది నాకు నచ్చలేదు. బెంగళూరులో అడ్వాన్సు కిందనే ఎన్నో నెలల అద్దె అడుగుతారు, నిజమే, అయినా ఒక చిన్న ఇల్లు తీసుకోమను, ఒక గదీ వంటిల్లూ చాలు. నువ్వు పోయినప్పుడల్లా వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో సర్దుకోని, అందరి ముందర మొగుడితో మాట్లాడుకోవాల్సి వస్తే దాన్ని కాపురం అంటారా. ఈ ఖర్చు దండగ అని మీ అత్తగారు అంటే నా పేరు చెప్పు. కళ్యాణదుర్గం ఇంట్లో ఫైబర్ నెట్ పెట్టించు, చిన్న ఇన్వర్టర్ కూడా. ఆయనకి వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పని చేసే వీలుందంట కదా, నెట్ బాగుంటే శుక్రవారం నీ దగ్గరే కూర్చోని చేసుకుంటాడు, గురువారం రాత్రే వచ్చేస్తాడు. ఒక్క రోజు కలిసినా చాలా తేడా.

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ల సంగతి, ఇది సరిగ్గా తెలుసుకో. మొగుడూ పెండ్లాలిద్దరూ ఉద్యోగస్తులైతే బదిలీల్లో కలిపే స్పౌజ్ పాయింట్లు వస్తాయని నువ్వు ఆశ పెట్టుకున్నావంట. అవి భర్త గవర్నమెంటు లేదా పబ్లిక్ సెక్టారు లాంటి చోట ఉంటేనే, ప్రైవేటు కంపెనీలో ఉంటే రావు. అది పట్టుకోని కూర్చోవద్దు. నీకు ఇంకో దారి ఉంది, మన టీచర్ల బదిలీలకు పాత ఉమ్మడి అనంతపురం జిల్లానే యూనిట్టు, కాబట్టి హిందూపురం, చిలమత్తూరు, గోరంట్ల వైపు స్కూళ్ళు నీకు అడిగే వీలుంటుంది. మారుమూల పల్లెలో పని చేస్తే పాయింట్లు ఎక్కువ పడతాయి, ఇప్పుడు నువ్వు పడే కష్టం అప్పటికి పనికొస్తుంది. చిలమత్తూరు అంటే కొడికొండ చెక్‌పోస్టు పక్కనే, అక్కడి నుంచి ఆయన హెబ్బాళ్ రోజూ పోయి రావడం కష్టమే గానీ, వారంలో మూడు రోజులు ఆఫీసంటే చేయొచ్చు. కళ్యాణదుర్గంలో కూర్చోని బెంగళూరు కోసం ఏడవడం కంటే ఆ చివర ఊర్లు మ్యాపులో చూడడం మేలు.

సెలవులు ఇష్టమొచ్చినట్లు ఖర్చు పెట్టొద్దు. ఆడ టీచర్లకి మామూలు సీఎల్స్ (క్యాజువల్ లీవులు) మీద ఇంకో 5 ఉంటాయి, వాటిని సోమవారాలకి కలుపుకో. దసరా, సంక్రాంతి సెలవులు ఉంటాయి, ఎండాకాలం సెలవులైతే జూన్ రెండో వారం దాకా. ఎండాకాలం మొత్తం పుట్టింట్లో గడపొద్దు, మీ అమ్మ బాధపడినా సరే, నువ్వు బెంగళూరు పో. ఇంక పిల్లల గురించి, మీ ఇద్దరి ఇష్టం, మేమెవరం చెప్పేదానికి. ప్రసూతి సెలవు 180 రోజులు, చైల్డ్ కేర్ లీవు 180 రోజులు విడతలుగా తీసుకోవచ్చు, అది తెలుసుకోని ఉండు చాలు. ట్రాన్స్‌ఫర్ అయినంకే పిల్లలు అని ఒట్టు పెట్టుకోవద్దు, అట్లాగని విడిగా ఉండామని ఊరోళ్ళు అంటారని తొందరా పడొద్దు.

ఊరోళ్ళు అంటారు. ‘మీ ఆయన రాలేదా ఈ వారం’ అని స్టాఫ్ రూములో, బస్సులో, పక్కింట్లో అడుగుతారు. కొందరు ప్రేమగా, కొందరు ఊరికే. వచ్చే వారం వస్తాడని చెప్పి వదిలెయ్, వివరాలు ఇవ్వొద్దు. అయితే ఒక్క మంచి మనిషిని మాత్రం చూసిపెట్టుకో, అర్ధరాత్రి కడుపు నొప్పి వస్తే తలుపు తట్టేదానికి. ఆమె నంబరు అబ్బాయి దగ్గర కూడా ఉండాల.

చివరిది, ఎన్నాళ్ళు అనేది మీ ఇద్దరూ కూర్చోని మాట్లాడుకోండి. ‘చూద్దాంలే’ వద్దు. ఏటా మే నెలలో ఒక రోజు పెట్టుకోని, ఈ ఏడాది ఎట్లా గడిచింది, ఇంకో ఏడాది ఇట్లే ఉండగలమా, ఉండలేకపోతే ఎవరు ఏం మార్చుకోవాల అని నోరు తెరిచి అడుగుకోండి. ప్రతిసారీ ఆడదే ఉద్యోగం మార్చుకోవాలని రాసిపెట్టి లేదు, ఈ ముక్క అబ్బాయి కూడా చదవాలనే రాస్తాండా, ఆయన మంచి పిల్లోడు, అర్థం చేసుకుంటాడు.

సంక్రాంతి యాడ చేసుకుంటారో మీ ఇద్దరూ మాట్లాడుకోని నాకు చెప్పండి. ఇక్కడికే వస్తామంటే ఓళిగలకి బెల్లం ఎక్కువ తెప్పిస్తా, బెంగళూరులోనే అంటే మేమిద్దరమే ఒక రోజు అక్కడికి వస్తాం, అప్పటికి ఆ ఇల్లు తీసుకోమని చెప్పు.

మీ అత్త,
అనంతపురం