బీరు ధర, బీరు విలువ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అనంతపురం, కర్నూలు, కడపల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదారులు చేసే బీరు) గురించే. ఇటువైపు చాలామందికి ఆ రుచి తగిలేది బెంగళూరు వెళ్లినప్పుడో, హైదరాబాదు వెళ్లినప్పుడో. ఇది 21 ఏళ్లు నిండినవాళ్ల కోసం రాస్తున్న పేజీ.

ప్రశ్న: బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో (బీరు అక్కడే తయారుచేసి పోసే చోట) 500 మిల్లీలీటర్ల గ్లాసుకు అన్నీ కలిపి దాదాపు 500 రూపాయలైంది. మా ఊరి బ్రాందీ షాపులో అందులో సగం డబ్బుకే 650 సీసా వస్తుంది. ఈ తేడా బీరుదా, పేరుదా? (అనంతపురం)

జవాబు: రెండూ ఉన్నాయి. ముందు సరుకు లెక్క చూద్దాం. అచ్చంగా మాల్టుతోనే (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) చేస్తే, 5 శాతం ఆల్కహాలు ఉండే బీరు లీటరుకు దాదాపు 200 గ్రాముల మాల్టు పడుతుంది. పెద్ద ఫ్యాక్టరీల లాగర్లలో (చల్లగా, మెల్లగా పులియబెట్టే బీర్లు) ఇందులో కొంత తగ్గించి బియ్యమో, చక్కెరో కలుపుతారు. దానివల్ల ఆరోగ్యానికి చెడేమీ లేదు. ఖర్చు తగ్గుతుంది, బీరు పలచగా, తేలిగ్గా వస్తుంది, ధాన్యం రుచి పోతుంది. అదే 7 శాతం హేజీ ఐపీఏకైతే (మబ్బుగా, పండ్ల వాసనతో ఉండే ఇండియా పేల్ ఏల్) లీటరుకు 280 గ్రాములు దాటి మాల్టు కావాలి. అసలు ఖర్చు హాప్స్‌ది, అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలది. మామూలు లాగర్‌లో లీటరుకు ఒకటి రెండు గ్రాములు సరిపోతే, హేజీ ఐపీఏలో 10 నుంచి 20 గ్రాములు వేస్తారు. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో హాప్స్ కొద్దిగా పండుతాయి గానీ, మామిడి, నారింజ వాసనలిచ్చే సిట్రా, మొజాయిక్ రకాలు అమెరికా నుంచి దిగుమతి కావాల్సిందే.

తర్వాతది ట్యాంకు. గోధుమ బీరు 18-22 డిగ్రీల్లో పులిసి, 10-14 రోజుల్లో గ్లాసులోకి వచ్చేస్తుంది. పిల్స్‌నర్ (లేత రంగు లాగర్) 8-13 డిగ్రీల్లో మెల్లగా పులిసి, ఆపైన సున్నా దగ్గర్లో నిలవ ఉండాలి. అంతా కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు. ఒక ట్యాంకులో పిల్స్‌నర్ తయారయ్యేలోపు అదే ట్యాంకులో గోధుమ బీరు మూడుసార్లు తీయొచ్చు.

ఇదంతా కలిపినా మీ 500 రూపాయల్లో సరుకు వంతు చిన్నదే. మిగతాదంతా అద్దె, జీతాలు, లైసెన్సు ఫీజు, పన్నులు. కాబట్టి ఆ డబ్బుకు తగ్గ విలువ రాబట్టాలంటే ఏది అడగాలో తెలియాలి. చాలాచోట్ల మెనూలో అన్ని బీర్లకూ దాదాపు ఒకటే ధర ఉంటుంది. అలాంటప్పుడు తయారీదారుకి ఎక్కువ ఖర్చయ్యేవి హాప్స్ దండిగా వేసిన ఐపీఏ, సరిగ్గా నిలవ పెట్టిన పిల్స్‌నర్. మా ఓటు పిల్స్‌నర్‌కి. వాసనలతో, తీపితో కప్పిపుచ్చడానికి అందులో చోటు ఉండదు. పిల్స్‌నర్ బాగున్న చోట మిగతావీ బాగుంటాయని చాలావరకు నమ్మొచ్చు. గోధుమ బీరు మీకు ఇష్టమైతే నిక్షేపంగా తాగండి. అది చవకగా తయారయ్యేదే తప్ప తక్కువ రకం కాదు.

ప్రశ్న: వేసవిలో ‘బంగినపల్లి మామిడి బీరు’ అని బోర్డు పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. నిజంగా పండు వేశారో, ఎసెన్సు కలిపారో ఎలా తెలుస్తుంది? (కర్నూలు)

జవాబు: మామిడిని పుట్టినప్పటి నుంచీ తిన్నవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. పండు గుజ్జు ట్యాంకులో వేస్తే అందులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది. మిగిలేది తీపి కాదు. కాస్త పులుపు, తొక్క దగ్గరి వగరు, టెంక చుట్టూ ఉండే గుజ్జు వాసన మిగులుతాయి. బీరు మబ్బుగా ఉంటుంది. గ్లాసు దగ్గరికి రాకముందే మామిడి చాక్లెట్టు వాసన గుప్పుమని, నాలుకపైన తీపి ఆగిపోతే అది ఎసెన్సో సిరప్పో. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు మెనూలో రాసేవాళ్లను గుజ్జు ఎక్కడిదని, లీటరుకు ఎంత వేశారని అడగొచ్చు. నిజంగా వేసినవాళ్లు సంతోషంగా చెబుతారు. లీటరుకు 100 గ్రాముల లోపయితే రుచి తేలడం కష్టం. జనవరి నెలలో ‘తాజా మామిడి’ అంటే మాత్రం అది డబ్బా గుజ్జు. డబ్బా గుజ్జుతోనూ మంచి బీరు వస్తుంది, ‘తాజా’ అన్న మాటకు అదనంగా డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: సీసా మూత తీసి, బొటనవేలు అడ్డం పెట్టి, నీళ్ల గ్లాసులో తలకిందులుగా నిలబెడితే గ్లిజరిన్ కిందికి దిగిపోతుందంటారు. జిగటగా దిగడం కళ్లారా కనిపిస్తుంది కూడా. తల నొప్పి దానివల్లేనా? క్రాఫ్ట్ బీరులో గ్లిజరిన్ ఉండదా? (కర్నూలు)

జవాబు: దిగేది గ్లిజరిన్ కాదు, మీ బీరే. బీరులో పులియకుండా మిగిలిన పిండిపదార్థాలు ఉంటాయి కాబట్టి అది నీళ్లకన్నా కాస్త బరువు. చల్లని బీరు ఇంకొంచెం బరువు. సీసా తిప్పగానే బరువైన బీరు కిందికి జారుతుంది, ఆ మేరకు నీళ్లు సీసాలోకి ఎక్కుతాయి. రెండు ద్రవాలు కలిసేచోట వెలుతురు వంగి జిగురు తీగల్లా కనిపిస్తుంది. అనుమానం ఉంటే కూల్‌డ్రింకు సీసాతో ఇదే చేసి చూడండి, అచ్చం అలాగే దిగుతుంది. ఈ పద్ధతితో మీరు చేసేదల్లా కొన్న బీరును పారబోసి ఆ చోట్లో నీళ్లు నింపుకోవడం.

గ్లిజరిన్ ఏ బీరులోనైనా సహజంగానే కొద్దిగా ఉంటుంది. పులిసేటప్పుడు ఈస్ట్ దాన్ని తయారుచేస్తుంది, లీటరుకు ఒకటి రెండు గ్రాములు. క్రాఫ్ట్ బీరులోనూ ఉంటుంది.

తలనొప్పికి కారణం సీసా మీద అంకెలోనే ఉంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం అయితే అందులో 52 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంది. 42.8 శాతం విస్కీ 60 పెగ్గులో ఉండేది దాదాపు 26. అంటే ఒక్క స్ట్రాంగ్ సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. దాన్ని నీళ్లలా గటగటా తాగి, మంచినీళ్లు ముట్టకుండా పడుకుంటే తల పట్టేస్తుంది.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చిన మా బావ పేరుమోసిన హేజీ ఐపీఏ క్యాన్లు తెచ్చిచ్చాడు. మంచి రోజు చూసి తాగుదామని అల్మారాలో దాచాను. నాలుగు నెలల తర్వాత తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన, రంగు కూడా మట్టిరంగు. ఇంత పేరు ఎందుకొచ్చింది? ‘ప్రపంచంలోకెల్లా గొప్ప బీరు’ అనే మాటకు అర్థముందా? (కడప)

జవాబు: మీ బావ తెచ్చింది మంచి బీరే అయ్యుంటుంది. దాన్ని పాడుచేసింది కడప ఎండ. బీరు తయారీలో ఉన్నవాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకుంటారు: 3-30-300. బీరుకు 32 డిగ్రీల్లో 3 రోజుల్లో జరిగే నష్టం 22 డిగ్రీల్లో 30 రోజుల్లో, 3 డిగ్రీల ఫ్రిజ్‌లో 300 రోజుల్లో జరుగుతుంది. ఇది అంచనా లెక్కే, కానీ మన ప్రాంతానికి బాగా పనికొస్తుంది. మన ఇళ్లలో అల్మారా ఏడాదిలో చాలా నెలలు 30 డిగ్రీల పైనే ఉంటుంది. హేజీ ఐపీఏ అన్నిటికన్నా సున్నితం. ఆలస్యంగా వేసే హాప్స్ నుంచి వచ్చే నూనెలే దాని రుచి. క్యాన్‌లో మిగిలిన కాస్త ఆక్సిజన్ వేడిలో వాటిని తినేస్తుంది. రంగు ముదురుతుంది, అట్ట వాసన వస్తుంది. తయారైన తేదీ నుంచి రెండు నెలల్లోపు, అదీ ఫ్రిజ్‌లో పెట్టి తాగితేనే దానికి విలువ.

‘ఇండియా పేల్ ఏల్ ఓడల్లో నెలల తరబడి వేడిలో వచ్చింది కదా’ అని మీకు తోచవచ్చు. 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ లాంటివి పంపిన ఆ బీరు వేరు. హాప్స్ చేదు బ్యాక్టీరియాను ఆపి బీరు పులిసిపోకుండా కాపాడింది. వాసనను కాపాడటం హాప్స్ వల్ల కాదు. ఆ బీరును ఎవరూ మామిడి వాసన కోసం తాగలేదు.

ఇక పేరు సంగతి. రేటింగ్ యాప్‌లలో పై వరసలో ఎక్కువగా కనిపించేవి ఇంపీరియల్ స్టౌట్లు (ఘాటైన నల్లటి బీర్లు), హేజీ ఐపీఏలు. గుక్కెడు తాగి మార్కులు వేసేటప్పుడు ఘాటైనదే ముందు నచ్చుతుంది. గ్లాసంతా తాగాలనిపించే చక్కటి లాగర్‌కు ఆ పద్ధతిలో ఎప్పుడూ అన్యాయమే. దొరకకపోవడం కూడా మార్కులు పెంచుతుంది. బెల్జియంలో సెయింట్ సిక్స్‌టస్ మఠం సన్యాసులు తయారుచేసే వెస్ట్‌వ్లెటరెన్ 12 అందుకు సరైన ఉదాహరణ. 10.2 శాతం, నల్లటి బీరు. మఠం ఖర్చులకు సరిపడా మాత్రమే చేసి, ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకు అమ్ముతారు. బయట అది ఎన్నో రెట్ల ధర పలుకుతుంది. ఆ మఠం బీర్లను 1946 నుంచి 1992 వరకు లైసెన్సు మీద తయారుచేసింది పక్కనే వాటూలో ఉన్న సెయింట్ బెర్నార్డస్. ఒప్పందం ముగిశాక కూడా వాళ్లు అదే తరహా బీరును ఆబ్ట్ 12 పేరుతో చేస్తున్నారు, 10 శాతం. రెంటికీ రుచిలో తేడా ఉంది, అయితే ధరలో ఉన్నంత తేడా కచ్చితంగా లేదు. పేరున్న బీరు కొనేముందు అదే తరహాలో సులువుగా దొరికేదాన్ని వెతకండి. మీకు అట్టే పెట్టుకునే బీరే కావాలంటే ఇలాంటి 9 శాతం దాటిన నల్లటివి తీసుకోండి, అవి చల్లని చీకట్లో ఏళ్లు ఆగుతాయి.

ఫ్రిజ్‌లోంచి తీసి, మళ్లీ చల్లబరిస్తే పాడవుతుందనేది మాత్రం నిజం కాదు. లెక్కకొచ్చేది మొత్తం మీద ఎంతసేపు వేడిలో ఉందన్నదే.

ప్రశ్న: ఒక పబ్‌లో లాగర్‌కు వెన్న వాసన, ఇంకోచోట ఉడికిన మొక్కజొన్న వాసన వచ్చింది. అది స్టైలా, లోపమా? (అనంతపురం)

జవాబు: లాగర్‌లో రెండూ లోపాలే. వెన్న వాసన డయాసిటైల్ అనే పదార్థానిది. పులిసేటప్పుడు ఈస్ట్ దాన్ని పుట్టిస్తుంది, చివర్లో తనే తినేస్తుంది. అందుకే లాగర్ పులియడం ముగిసే సమయానికి ట్యాంకును 15-18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఉంచాలి. రద్దీ రోజులు వచ్చాయని ముందే చల్లార్చి గొట్టానికెక్కిస్తే వెన్న అలాగే మిగిలిపోతుంది. మొక్కజొన్న వాసన డీఎంఎస్ (డైమిథైల్ సల్ఫైడ్) అనే పదార్థానిది. లేత రంగు మాల్టు రసాన్ని మూత తీసి 60-90 నిమిషాలు తెర్లించకపోయినా, తర్వాత త్వరగా చల్లార్చకపోయినా అది ఉండిపోతుంది. పచ్చి ఆపిల్ వాసన వస్తే బీరు ఇంకా పసిది. వెనిగర్ పులుపు వస్తే గొట్టాలు కడగలేదని అర్థం, వాటిని రెండు వారాలకోసారి కడగాలి.

జర్మన్ తరహా గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు వస్తే మాత్రం సంతోషించండి. అవి ఆ ఈస్ట్ సహజంగా ఇచ్చేవి.

గ్లాసు చెప్పేముందు రుచి చూడటానికి కొద్దిగా పోయమని అడగండి, చాలాచోట్ల ఇస్తారు. చేదు, ఆల్కహాలు తక్కువున్న దానితో మొదలుపెట్టి ఎక్కువున్న దానికి వెళ్లండి. ఐపీఏ ముందు తాగితే ఆ తర్వాత పిల్స్‌నర్ నీళ్లలా అనిపిస్తుంది. లోపం కనిపిస్తే వాసన పేరు చెప్పి మార్చమనండి, ‘బాగాలేదు’ అంటే వాళ్లకు ఏమీ అర్థం కాదు.

ప్రశ్న: రాగి సంగటి, నాటుకోడి పులుసుతో ఐపీఏ బాగుంటుందని చదివాను. నోరు మండిపోయింది. (కడప)

జవాబు: మండుతుంది. కారానికి ఆల్కహాలు, చేదు, గ్యాసు తోడైతే మంట పెరుగుతుంది. సీమ కారానికి 5 శాతం లోపు గోధుమ బీరు, 6-8 డిగ్రీల చల్లదనంలో సరిగ్గా సరిపోతుంది. పొట్టేలు మాంసం వేపుడుకు మాల్టు తీపి ఉండే డంకెల్ (ముదురు రంగు జర్మన్ లాగర్) తీసుకోండి. ఐపీఏను ఉడకబెట్టిన వేరుశనక్కాయల కోసం ఉంచండి.

ప్రశ్న: నురగ ఎక్కువ పోసి మోసం చేస్తున్నారా? నా గ్లాసులో నురగ వెంటనే చచ్చిపోతుంది, అది ఇంకో రకం మోసమా? (అనంతపురం)

జవాబు: రెండు వేళ్ల మందం నురగ ఉండాల్సిందే, వాసన పైకి తెచ్చేది అదే. అయితే కొలత గీత నురగ కింద ఉండాలి, 500 గీత దాకా బీరు లేకపోతే నింపమనే హక్కు మీది. నురగ నిలవకపోతే ముందు గ్లాసు గోడలు చూడండి. అక్కడ బుడగలు అంటుకుని ఉంటే గ్లాసుకు జిడ్డు ఉంది. వేయించిన పల్లీలు తిన్న పెదాల నూనె కూడా నురగను చంపుతుంది. ఇంట్లో బీరు గ్లాసును పాల గ్లాసులతో కలిపి కడగకండి, నూనె గుడ్డతో తుడవకండి, బోర్లించి ఆరనివ్వండి.

ప్రశ్న: బెంగళూరు నుంచి కారులో వస్తూ నాలుగు సీసాలు తెచ్చుకోవచ్చా? (కర్నూలు)

జవాబు: తేవద్దు. కర్ణాటకలో అమ్మడానికని ముద్రించిన సీసా ఇక్కడ పన్ను కట్టని మద్యం కిందికి వస్తుంది, కొడికొండ చెక్‌పోస్టులో దొరికితే కేసే. పైగా ఎండలో నిలిపిన డిక్కీలో ఆ బీరు మిగలదు.

తాగి నడపడం సంగతి ఇంకా ముఖ్యం. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటకూడదు. 70 కిలోల మనిషి 5 శాతం బీరు ఒక్క 500 గ్లాసు తాగినా ఆ గీత దాటవచ్చు. 8 శాతం గ్లాసులో దాదాపు 32 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, శరీరం గంటకు 7-10 గ్రాములే ఖర్చు చేస్తుంది. అలాంటివి రెండు తాగితే పూర్తిగా దిగడానికి ఆరు నుంచి తొమ్మిది గంటలు పట్టొచ్చు. కాఫీ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఆ లెక్కను మార్చవు. రాత్రి 11కి చివరి గ్లాసు పూర్తిచేసినవాళ్లు మర్నాడు ఉదయం 9 దాటాకే స్టీరింగు పట్టాలి, లేదంటే రైలో బస్సో ఎక్కాలి.