కన్నీళ్ల సినిమాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ‘మాతృదేవోభవ’ ఇప్పటికి అయిదారుసార్లు చూశాను. కథంతా తెలుసు. అయినా టీవీలో వస్తే మళ్లీ కూర్చుంటాను, మళ్లీ ఏడుస్తాను. తెలిసిన కథకి ఏడుపెందుకు వస్తాది? మా ఆయన మాత్రం పక్కనే కూర్చున్నా ఒక్క చుక్క రాల్చరు.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తెలిసిన కథ కాబట్టే ఏడుపు ఇంకా త్వరగా వస్తుందమ్మా. 1993లో కె.అజయ్ కుమార్ దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమా, అదే ఏడాది మలయాళంలో వచ్చిన ‘ఆకాశదూతు’కి రీమేక్. చావు దగ్గరపడిన తల్లి తన పిల్లల్ని ఒక్కొక్కరినే పెంపకానికి ఇచ్చేస్తుంది. మొదటిసారి చూసేటప్పుడు ‘తర్వాత ఏమవుతుందో’ అన్న ఆత్రం మనసులో సగం ఆక్రమిస్తుంది. రెండోసారి ఆ ఆత్రం ఉండదు. పిల్లలు అందరూ ఒకచోట ఉన్న సీను చూస్తుండగానే, వీళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అవుతారని మీకు తెలుసు, వాళ్లకు తెలియదు. గొంతుకు అడ్డం పడేది అదే.

కథ అల్లికలోనూ ఒక పనితనం ఉంది. ఎడబాటు ఒకేసారి జరిగిపోదు. ఒక బిడ్డ వెళ్తుంది, ఇల్లు కాస్త ఖాళీ అవుతుంది. తల్లి కూలబడటానికి వీల్లేదు, ఇంకా మిగిలినవాళ్లు ఉన్నారు. తెరమీద మనిషి ఆపుకున్న ఏడుపే చూసేవాళ్ల కళ్లలోంచి వస్తుంది. ఇక ‘రాలిపోయే పువ్వా’ పాట వేటూరికి జాతీయ అవార్డు తెచ్చింది. సంగీతం ఇచ్చిన కీరవాణే పాడారు. అది పాటకచేరీలా కాక, ఇంట్లో మనిషి తనలో తాను పాడుకున్నట్టు ఉండటం ఆ సినిమాకు పెద్ద బలం.

మీవారి సంగతి. కన్నీరు రానంత మాత్రాన మనసు కదల్లేదని అనుకోకండి. ‘మగాడివి, ఏడుస్తావా’ అని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్లకు ఆపుకోవడం అలవాటైపోతుంది. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 60 మందికి విషాద చిత్రాలు చూపించారు. 28 మంది ఏడ్చారు, 32 మంది ఏడవలేదు. ఏడ్చినవాళ్ల మనసు సినిమా అవగానే బాగా దిగజారింది, 20 నిమిషాలకు మామూలైంది, 90 నిమిషాలకు సినిమాకు ముందుకన్నా మెరుగ్గా ఉంది. ఏడవనివాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందుకని సినిమా అయిన వెంటనే దీపం ఆర్పి పడుకోకండి. ఓ అరగంట ఎవరితోనైనా మాట్లాడుతూ కూర్చోండి.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం 12 నిమిషాల షార్ట్ ఫిలిం తీశాం. నాన్న పొగాకు రైతు, ఆయన పోయాక కొడుకు ఊరికొస్తాడు. క్లైమాక్స్‌లో నాన్న చొక్కా పట్టుకుని నిమిషంన్నర ఏడుస్తాడు. కాలేజీలో వేస్తే అక్కడే నవ్వారు. ఎక్కడ తప్పింది? చివరి షాట్ కొత్తపట్నం బీచ్‌లో సూర్యాస్తమయానికి తీయాలని కూడా ఉంది.
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: నిమిషంన్నర దగ్గరే తప్పింది. చూసేవాడికి దుఃఖం పుట్టకముందే తెరమీద హీరో దాన్నంతా ఖర్చుపెట్టేశాడు. ‘ఇప్పుడు ఏడవండి’ అని ఒత్తిడి పెడితే ఆ ఇబ్బందిలోంచి తప్పించుకోవడానికే జనం నవ్వుతారు. మీ నటుణ్ని తిట్టకండి, తప్పు రాతలో ఉంది.

ముందు చొక్కాను నిలబెట్టండి. అది మూడుసార్లు కనపడాలి. మొదటి మూడు నిమిషాల్లో నాన్న బతికుండగా ఆ చొక్కాతోనే హాస్టల్‌కు రావాలి. పొగాకు కోతల్లో అంటుకున్న నల్లటి జిగురు మరక జేబు మీద ఉండాలి, కొడుకు దాన్ని చూసి స్నేహితుల ముందు సిగ్గుపడాలి. రెండోసారి మాట లేకుండా, దండెం మీద ఆరేసి ఉండగా రెండు సెకన్లు. మూడోసారి నాన్న లేడు. కొడుకు చొక్కాను ఉతుకుదామని బకెట్లో వేయబోతాడు. చేయి నీళ్లదాకా పోయి ఆగుతుంది, మరక కనపడుతుంది, తడవకుండా వెనక్కి తీసుకుంటాడు. అంతే, ఏడుపు వద్దు. అప్పుడు ముఖం దగ్గరకు వెళ్లి అయిదారు సెకన్లు ఉండి, కట్ చేయండి. క్లోజప్ ముందే వాడేస్తే ఇక్కడికొచ్చేసరికి దాని పదును పోతుంది. కాబట్టి సినిమా మొత్తంలో అంత దగ్గరి షాట్ ఇదొక్కటే ఉంచుకోండి.

ఈ సీనుకు ముందు సంగీతం ఆపేయండి. పంపు నీళ్లు పడే చప్పుడు, తిరిగే ఫ్యాను చప్పుడు చాలు. చొక్కా వెనక్కి తీసుకున్నాక ఒక్క వాయిద్యం సన్నగా మొదలవ్వాలి. అందరూ వయొలిన్ మీద శివరంజని వాయిస్తారు. మంచి రాగమే, కానీ మన చెవులు దాన్ని విషాదంతో ఎంతగా ముడిపెట్టేశాయంటే, ముందే మొదలైతే రాబోయేది తెలిసిపోతుంది. ఇరవై ముప్పై సెకన్లు మించనివ్వకండి.

కన్నీరు తప్పనిసరైతే గ్లిజరిన్‌ను కంట్లో వేయవద్దు. మంట, ఎరుపు వస్తాయి, కాంటాక్ట్ లెన్స్ ఉన్నవాళ్లకు అసలు వద్దు. గ్లిజరిన్‌లో సమానంగా నీళ్లు కలిపి, కంటికి కాస్త కింద చెంప మీద డ్రాపర్‌తో ఒక్క చుక్క పెట్టండి. నీళ్లు కలపకపోతే చుక్క చిక్కగా ఉండి కిందికి జారదు, లైటు పడితే నూనె పూసినట్టు మెరుస్తుంది. మీరూ అలాగే వాడి ఉంటే, జనం నవ్వడానికి ఆ మెరుపూ ఒక కారణం కావచ్చు. మందుల షాపులో దొరికే, కళ్లు ఆరిపోకుండా వేసుకునే చుక్కల మందు ఇంకా సురక్షితం.

కొత్తపట్నంలో సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, అస్తమించేది మీ వెనక, ఊరివైపు. సముద్రం మీద వెలుగు కావాలంటే తెల్లారేసరికి అక్కడ ఉండాలి. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది, ఫోను మైకులో ‘బుర్ర్’మని తప్ప మరేమీ వినపడదు. మైకుకు స్పాంజి తొడుగు వేసినా అక్కడ మాటలు పెట్టుకోకండి, తర్వాత గదిలో డబ్బింగ్ చెప్పుకోండి. ఎడిటింగ్ అయ్యాక కథ తెలియని అయిదుగురికి సంగీతం లేకుండా చూపించండి. వాళ్లు ఫోను తీసిన చోటల్లా రాసుకుని, అక్కడ కత్తిరించండి.

ప్రశ్న: విషాద గీతాలంటే మన జిల్లావాళ్లలో ఎవరిని చెప్పుకోవాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందుగా ఆత్రేయ. 1921లో, అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టారు. మనసు కవి అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు. 1964 నాటి ‘మూగ మనసులు’లో ‘పాడుతా తీయగా చల్లగా’ తీసుకోండి. దుఃఖంలో ఉన్న అమ్మాయిని నిద్రపుచ్చడానికి పడవవాడు పాడే పాట అది. పెద్ద సమాసాలు లేవు. ‘పోయినోళ్లు’, ‘ఉన్నోళ్లు’ అని ఇంటిమాటల్లోనే సాగుతుంది. ఓదార్చడానికి వచ్చిన పాట ఏడిపిస్తుంది. చావింటికి వెళ్లినవాళ్లెవరికైనా అది ఎందుకో అర్థమవుతుంది, అక్కడ మనిషిని కరిగించేది పెద్ద మాటలు కాదు, వీపు మీద పడిన చెయ్యి. ఆ పాట మొదటి మాటల్నే తన టీవీ కార్యక్రమానికి పేరు పెట్టుకున్న ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యమూ మన జిల్లావారే, 1946లో పుట్టారు.

ప్రశ్న: ఏడుపు సినిమా చూస్తే ముక్కు కారడం, తలనొప్పి, పొద్దునకి కళ్లు వాచిపోవడం. మా ఏడేళ్ల పాప అయితే రాత్రంతా ‘అమ్మా, నువ్వు చచ్చిపోతావా’ అంటుంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, కోవూరు

జవాబు: కంటి మూలల్లోంచి ముక్కులోకి సన్నటి గొట్టాలుంటాయి, ఎక్కువైన కన్నీరు అటే పోతుంది. అందుకే ముక్కు కారేది. వాపుకు పెద్ద కారణం పైటకొంగుతో గట్టిగా రుద్దడం. అద్ది తీయండి. చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ అయిదు పది నిమిషాలు కళ్లమీద వేసుకోండి, ఒకటి రెండు గ్లాసుల నీళ్లు తాగండి. సినిమాతో సంబంధం లేకుండా రోజూ ఏడుపొస్తూ, రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసినా ఉచితంగా మాట్లాడతారు.

పాపను ‘ఊరుకో, అది సినిమానే’ అని కొట్టిపారేయకండి. తను అడిగింది సినిమా గురించి కాదు, మీ గురించి. ‘నాకు ఒంట్లో బాగుంది, రేపు పొద్దున బడికి నేనే జడ వేస్తా’ అని తేల్చి చెప్పండి. నిద్రపోయేదాకా పక్కనే పడుకోండి. తల్లో తండ్రో చనిపోయే కథలు ఇంకొన్నేళ్లు రాత్రి పూట పెట్టకండి, చూడక తప్పకపోతే మధ్యాహ్నం భోజనాలయ్యాక చూడండి, సాయంత్రం ఆడుకోవడానికి టైముంటుంది.