కాలిన గాయాల వార్డుకు అంత బలగం ఎందుకు?

ప్రశ్న: గ్యాస్ లీకై మా బావగారికి ఒళ్లు 40 శాతం కాలింది. జిల్లా ఆసుపత్రిలో పడకలు ఖాళీగా ఉన్నా హైదరాబాదుకు పంపించారు. అక్కడ అదే విభాగంలో కాలిలో కండ కుళ్లిన మధుమేహ రోగిని కూడా చేర్చారు. ఇది సబబేనా? – ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: పంపడం సబబేనండి, ఇక్కడ పడక ఒక్కటే చాలదు. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే, పార్క్‌లాండ్ సూత్రం (బరువు, కాలిన శాతాన్ని బట్టి ద్రవం లెక్కగట్టే పద్ధతి) ప్రకారం మొదటి 24 గంటల్లో సుమారు 9.6 లీటర్ల రింగర్ లాక్టేట్ అనే లవణాల ద్రవం ఎక్కించాలి; అందులో సగం, ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాక, కాలిన క్షణం నుంచి లెక్కించిన తొలి 8 గంటల్లోనే వెళ్లాలి. గంటగంటకూ మూత్రం కొలిచి ఆ వేగాన్ని సవరించే నర్సు ఉండాలి. తరువాత చచ్చిన చర్మాన్ని తొలగించి, ఒంట్లో మరోచోటి నుంచి తీసిన పలుచని పొరను అతికే శస్త్రచికిత్సలు విడతలుగా సాగుతాయి. సొంత చర్మం చాలనప్పుడు మరణించినవారు దానం చేసిన చర్మాన్ని తాత్కాలికంగా కప్పుతారు. ఉస్మానియా ఆసుపత్రిలో ఇందుకు స్కిన్ బ్యాంకు ఉంది, కొరత మాత్రం దాతలదే.

కండ కుళ్లే ఇన్ఫెక్షన్‌కూ ఇవే వనరులు కావాలి: చచ్చిన కణజాలాన్ని ఆలస్యం లేకుండా కోసివేసి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకువెళ్లి చూడాలి, పుండు మానడానికి చర్మం అతకాలి. అందుకే ఒకే విభాగం. అయితే ఒకరి ఇన్ఫెక్షన్ మరొకరికి సోకకుండా ఇద్దరికీ వేర్వేరు గదులు ఉన్నాయో లేదో తప్పక అడగండి, ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది.