రా డెనిమ్ జీన్స్ పాడుచేసిన లాండ్రీ: మీ కేసు ఆ 350 రూపాయల రసీదులో ఉంది

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు 14,900 రూపాయలు పెట్టి రా డెనిమ్ (నేశాక ఉతకని గుడ్డ) జీన్స్ కొన్నాను. ఎనిమిది నెలలు ఉతక్కుండా వేసుకుని, తొడల మీద, మోకాళ్ల వెనక నా ఒంటి మడతలకు తగ్గ గీతలు తెచ్చుకున్నాను. మొదటి ఉతుకు కోసం 2024 ఆగస్టు 10న ఒక లాండ్రీలో ఇచ్చి, తిరగేసి చల్లటి నీళ్లలోనే ఉతకమని నోటితో చెప్పాను. మామూలు జీన్స్‌కు 90 తీసుకునేవాళ్లు దీనికి ‘రా డెనిమ్, స్పెషల్ కేర్’ అని రాసి 350 గుంజారు. 17న తెచ్చుకుంటే గీతలన్నీ పోయాయి, తెల్ల మచ్చలు పడ్డాయి, నడుము బిగిసింది, వెనక తోలు పట్టీ ముడుచుకుపోయింది. నష్టం జరిగితే చార్జీకి పది రెట్లకు మించి ఇవ్వమని రసీదు వెనక ఉందట, అందుకని 3,500 తీసుకోమంటున్నారు. మేనేజర్ ఫోన్‌లో తప్పు ఒప్పుకున్నాడు. మానసిక వేదనకు 2 లక్షలు అడగవచ్చా? జీన్స్ కంపెనీ మీద కూడా కేసు వేయవచ్చా? రసీదు మీద ‘చల్లటి నీళ్లు మాత్రమే’ అని ఇప్పుడు రాస్తే కేసు బలపడుతుందని మిత్రుడు అంటున్నాడు, నిజమేనా? ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ గీతల గురించే రాశారు. కేసును తేల్చే విషయాన్ని మాత్రం ఫిర్యాదుగా ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. 90 రూపాయల పనికి 350 గుంజారని బాధపడుతున్నారు కదా, మీ చేతిలో ఉన్న అసలు సాక్ష్యం అదే.

ఎందుకో చెబుతాను. ఇలాంటి కేసులో వినియోగదారుల కమిషన్ మొదట అడిగేది ‘బట్ట తీసుకునేటప్పుడు లాండ్రీకి ఏం తెలుసు?’ అని. మీరు నోటితో చెప్పిన జాగ్రత్తలకు రుజువు లేదు. మేనేజర్ ఫోన్‌లో ఒప్పుకున్నదానికీ రికార్డు లేదు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. కానీ ‘రా డెనిమ్, స్పెషల్ కేర్’ అని వాళ్లే రాసి, మామూలు రేటుకు దాదాపు నాలుగు రెట్లు తీసుకున్నారు. ఇది మామూలు బట్ట కాదని వాళ్లకు తెలుసనీ, ప్రత్యేక జాగ్రత్త చూపిస్తామని ఒప్పుకునే డబ్బు తీసుకున్నారనీ ఆ ఒక్క లైను చెబుతోంది. మన వస్తువు ఇంకొకరి చేతికి అప్పగిస్తే, వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా దాన్ని చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ అంటుంది. డబ్బు తీసుకుని ఆ జాగ్రత్త పాటించకపోతే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం.

ఇక గడువు. జీన్స్ మీ చేతికి పాడై వచ్చింది 2024 ఆగస్టు 17న. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే సమయం. ఇప్పుడు జూన్ 2026. ఇరవై రెండు నెలలు ఏం చేశారు? ఫోన్లు చేశారు, వాళ్లు ‘చూస్తాం సార్’ అన్నారు, మీరు ఊరుకున్నారు. ఆ ఫోన్లు గాని, మీరు పంపబోయే నోటీసు గాని, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చేసే ఫిర్యాదు గాని గడువును ఒక్క రోజు కూడా పెంచవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ తగిన కారణం చూపాలి. లాండ్రీ వాళ్లు తిప్పించారన్నది చాలాసార్లు తగిన కారణం కాదు. ఆగస్టు 15 శనివారం సెలవు, 16 ఆదివారం. 17వ తేదీ దాకా లాగి ఆన్‌లైన్‌లో పోర్టల్ మొరాయిస్తే మీ కేసు అక్కడితో సరి. జూలైలోనే వేయండి.

మిత్రుడి సలహా గురించి కటువుగానే చెబుతాను. రసీదు మీద ఒక్క అక్షరం కూడా రాయకండి. దాని రెండో ప్రతి లాండ్రీ కంప్యూటర్‌లో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టిన క్షణం మీ మంచి సాక్ష్యం కూడా అబద్ధమైపోతుంది. అంతటితో ఆగదు. వినియోగదారుల కమిషన్ విచారణ చట్టం దృష్టిలో న్యాయవిచారణే. అందులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. 14,900 రూపాయల జీన్స్ కోసం ముద్దాయి అవుతారా? ఆ ఆలోచన ఇక్కడితో మానేయండి.

రసీదును కాపాడటం అంతకంటే అవసరం. అది థర్మల్ కాగితమైతే ఇప్పటికే సగం అక్షరాలు వెలిసిపోయి ఉంటాయి. ఈరోజే స్కాన్ చేసి, రెండు జిరాక్సులు తీయించండి. లామినేషన్ మాత్రం చేయించకండి, వేడికి ఆ కాగితం మొత్తం నల్లబడుతుంది. 350 కట్టిన యూపీఐ లావాదేవీ వివరాలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తీసుకోండి. మామూలు జీన్స్‌కు 90 అని చూపే పాత బిల్లు ఉంటే దాన్ని జతచేయండి. ఈ కేసులో దానికి చాలా విలువ ఉంది.

జీన్స్‌ను మళ్లీ ఉతకకండి, వేసుకోకండి, బిగిసిన నడుమును సాగదీయకండి. లాండ్రీ చేయబోయే మొదటి వాదన, రా డెనిమ్ రంగు పోవడం దాని గుణమేనని. అందులో నిజం ఉంది. నేసిన తర్వాత ఉతకని గుడ్డ కాబట్టి దాన్ని రా అంటారు. నీలిమందు రంగు నూలు పోగు పైపొరకే పట్టి, లోపల తెల్లగా మిగులుతుంది. అందుకే ఒరిసిన చోట గీతలు వస్తాయి, అందుకే ప్రతి ఉతుకులోనూ కొంత రంగు నీళ్లలో కలుస్తుంది. కాబట్టి ‘రంగు పోయింది’ అని రాస్తే మీరు ఓడిపోతారు. ‘బ్లీచింగ్ పడినట్టు తెల్ల మచ్చలు వచ్చాయి, తోలు పట్టీ వేడికి ముడుచుకుంది’ అని రాయాలి. చల్లటి నీళ్లలో ఒక్క ఉతుకుకు తోలు అంతగా ముడుచుకోదు. ఆ పట్టీ వేడి నీళ్లకో డ్రయ్యర్‌కో సాక్షి. మచ్చల కారణం మీద టెక్స్‌టైల్ ల్యాబ్ నివేదిక తీసుకుంటే కేసు సగం దారి దాటినట్టే. కేంద్ర జౌళి శాఖ కింది టెక్స్‌టైల్స్ కమిటీకి ఇలాంటి పరీక్షశాలలు ఉన్నాయి.

నడుము బిగిసిన సంగతి వేరు. మీది సాన్ఫరైజ్డ్ గుడ్డా (తర్వాత కుంచించుకుపోకుండా మిల్లులోనే ముందుగా కుదించినదా) కాదా అన్నది ఉత్తరంలో రాయలేదు. సాన్ఫరైజ్ చేసినదైతే సాధారణంగా 1 నుంచి 3 శాతం మించి కుంచించుకుపోదు, కాబట్టి ఎక్కువ కుంచించుకుంటే లాండ్రీ జవాబు చెప్పాలి. చేయనిదైతే 7 నుంచి 10 శాతం దాకా తగ్గవచ్చు, చల్లటి నీళ్లకు కూడా కొంత కుంచించుకుపోతుంది. అలాంటి దాన్ని వాడకం మొదలుపెట్టే ముందే నానబెట్టి ఆరేయాలి. మీరు నీళ్లు తగలనివ్వలేదని మీరే రాశారు. అలాగైతే ఆ ఆరోపణ వదిలేయండి. బలహీనమైన ఆరోపణ బలమైనదాని మీద కూడా అనుమానం తెస్తుంది.

ఎనిమిది నెలల గీతలకు విలువ కావాలంటే, ఉతుకుకు ముందు తీసిన తేదీ ఉన్న ఫొటోలు కావాలి. అవి ఫోన్‌లో ఉంటే అసలు ఫైళ్లు తొలగించకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరానికి తావుండదు.

మానసిక వేదనకు 2 లక్షలు అడగకండి. జీన్స్ ధర, 350 చార్జీ, ల్యాబ్ ఖర్చు, ఓ మోస్తరు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. వాడిన కాలానికి కమిషన్ కొంత తగ్గించవచ్చు. అందుకు సిద్ధంగా ఉండండి. జీన్స్ కంపెనీని కేసులోకి లాగవద్దు. దాని తప్పేమీ మీ ఉత్తరంలో లేదు, ఇంకో ప్రతివాది వస్తే ఇంకో ఆరు వాయిదాలు వస్తాయి.

పది రెట్ల షరతు గురించి భయపడవద్దు. దాని కింద మీ సంతకం లేదు, ఎవరూ మీకు చదివి చెప్పలేదు అన్నవి నిజమైతే అఫిడవిట్‌లో రాయండి. కానీ ‘ఈ షరతు అన్యాయ ఒప్పందం, రద్దు చేయండి’ అని జిల్లా కమిషన్‌ను కోరకండి. అన్యాయ ఒప్పందాల ఫిర్యాదులు వినేది రాష్ట్ర కమిషన్. సేవాలోపం మీదే నిలబడండి. ఈలోగా ఆ 3,500 తీసుకుని ‘పూర్తి పరిష్కారం’ అన్న కాగితం మీద సంతకం చేస్తే ఈ సలహా అంతా వృథా.

కేసు కోసం హైదరాబాద్ తిరగనక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే చోట వేసుకోవచ్చని వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ అంటోంది, కాబట్టి విజయవాడలోని జిల్లా కమిషన్ చాలు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో వేయండి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. నోటీసు తప్పనిసరి కాకపోయినా, పదిహేను రోజుల గడువు పెట్టి స్పీడ్ పోస్ట్‌లో ఒకటి పంపండి. జవాబులో చాలామంది ‘స్టాఫ్ పొరపాటున వైట్స్‌తో కలిపేశారు’ అని తమంతట తామే రాసేస్తారు. తెల్ల బట్టలకు బ్లీచింగ్ వాడతారు కాబట్టి, ఆ వాక్యం వస్తే ల్యాబ్ నివేదిక లేకుండానే ఫిర్యాదు వేయవచ్చు.